నిటారుగా నిలవని మెడ, నోట్లో నిలవని సెన్సర్

హనుమకొండలోని ఒక దంత వైద్యశాలలో నేను ఎక్స్‌రేలు తీస్తాను. యంత్రం నేర్చుకోవడానికి కొన్ని వారాలే పట్టినా, దాని ముందు మనిషిని సరిగ్గా నిలబెట్టడం నేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది.

ఒకసారి పరకాల వైపు నుంచి ఒక వృద్ధురాలు ఓపీజీ కోసం, అంటే యంత్రం తల చుట్టూ తిరిగి పళ్లన్నిటినీ దవడలతో సహా ఒకే బొమ్మలో తీసే ఎక్స్‌రే కోసం, వచ్చింది. నిటారుగా నిలబడమంటే, "నా నడుము గిట్లనే వంగి ఉంటది బిడ్డా" అన్నది. నేను తొందరపడి అలాగే తీశాను. మెడ వెన్నెముక తెల్లని నీడగా పడి ముందుపళ్లను కప్పేసింది. ఏళ్ల తరబడి నాట్లలో, కలుపులో వంగిన ఆ మెడది తప్పు కాదు, నాదే. యంత్రం పిడులు గట్టిగా పట్టుకొని అర అడుగు ముందుకు జరిగితే చాలామందికి మెడ కొంత సాగుతుంది. అప్పటికీ సాగనివారిని బలవంతపెట్టకుండా, ముందుపళ్లకు వేరుగా చిన్న ఎక్స్‌రే తీయడమే న్యాయమని ఆనాటి నుంచి నమ్ముతున్నాను.

కమ్మలు తీయకపోతే వాటి నీడ ఎదుటి వైపున, కొంచెం పైన, మసకగా పడి వైద్యుణ్ణి తికమక పెడుతుంది. పుస్తెలతాడు తీయమని అడగడం అంతకంటే సున్నితమైన విషయం. ఎందుకు తీయాలో ముందే చెప్పి, వెంట వచ్చిన బిడ్డ చేతికో చెల్లెలి చేతికో ఇవ్వమంటే ఎవరూ నొచ్చుకోరు. యంత్రం తిరిగే 14 నుంచి 18 సెకన్లూ నాలుకను అంగిలికి ఆనించి ఉంచమని కూడా అప్పుడే చెబుతాను. నాలుక జారితే పైపళ్ల వేళ్లమీద నల్లని పట్టీ పడుతుంది.

చిన్న ఎక్స్‌రే కోసం నోట్లో పెట్టే సెన్సర్‌తో, అంటే బొమ్మను పట్టే చిన్న పలకతో, కష్టం వేరు. ఓకరింత వచ్చేవారికి ముందుపళ్లతో మొదలుపెట్టి దవడపళ్లను చివరికి ఉంచుతాను. ఎక్స్‌రే గొట్టం దిశ, సమయం అన్నీ ముందే సిద్ధం చేసుకొని, సెన్సర్‌ను అంగిలి మీద రాయకుండా ఒక్కసారే పెట్టి, ముక్కుతో మెల్లగా ఊపిరి తీసుకోమంటాను. నాలుక కొసన చిటికెడు ఉప్పు వేస్తే కొందరికి ఓకరింత తగ్గుతుంది. కింది దవడలో నొప్పి అన్నవారికి సెన్సర్‌ను చిగురుకు నొక్కకుండా నాలుక వైపు జరిపి, నోరు మెల్లగా మూయమంటాను. మూస్తున్నకొద్దీ నాలుక కింది కండరం వదులై సెన్సర్ నొప్పి లేకుండా లోతుకు దిగుతుంది.