బ్యాగులో అరటితొక్క

టోక్యోలో మొదటి రోజే, అసకుసా గుడి దగ్గర అరటిపండు తిని చిక్కుల్లో పడ్డాను. తొక్క పడేద్దామంటే చెత్తకుండీ లేదు. గుడి ముందున్న నకమిసే వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిచాను. ఎక్కడా కనిపించలేదు. పోనీ కింద చెత్త ఉందా అంటే ఒక్క కాగితమ్ముక్క కూడా లేదు.

“వెతక్కు నాన్నా, బ్యాగులో పెట్టుకో” అంది మా అమ్మాయి. 1995 మార్చి 20న ఓమ్ షిన్రిక్యో అనే మతముఠా ఇక్కడి భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయువు వదిలింది. ఆ తర్వాతే స్టేషన్లలో, వీధుల్లో చాలా కుండీలు తీసేశారట.

“మరి చెత్త?”

“ఎవరిది వాళ్లు ఇంటికి తీసుకెళ్తారు.”

ఆ తొక్కతోనే గింజా లైన్ ఎక్కి, నిహొంబాషిలో తోజాయ్ లైన్‌కి మారి, వాళ్లుండే నిషికసాయికి బయల్దేరాం. బండి కిక్కిరిసి ఉంది, మాట మాత్రం లేదు. మన అమీర్‌పేటలో మెట్రో మారేలోపు నాలుగు ఫోన్లలోంచి నాలుగు పాటలు వినిపిస్తాయి. ఇక్కడి నిశ్శబ్దంలో నా అరటితొక్క వాసన బోగీ అంతా తెలిసిపోతోందేమోనని ఒకటే టెన్షన్.

ఇంటికి చేరాక ఇంకో తతంగం. తొక్క, కాల్చే చెత్తలోకి. నీళ్ల బాటిల్‌కి మూత తీసి, లేబుల్ ఊడదీసి, కడిగి వేరే సంచిలోకి. ఏ రోజు ఏది తీసుకెళ్తారో ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఉంది. అల్లుడు పంచాంగం చూసినట్టు దాన్ని చూసి గానీ కవరు బయటపెట్టడు.

అలాగని వాళ్లంతా మహాత్ములేం కాదు. శుక్రవారం రాత్రి స్టేషన్ బయట గోడ మీద ఖాళీ బీరు డబ్బాలు వదిలేసి ఉన్నాయి. వరసగానే పెట్టారు లెండి.

ఉప్పల్‌లో మా కాలనీ మూలన కూడా కుండీ తీసేశారు, స్వచ్ఛ ఆటో ఇంటింటికీ వస్తోంది కదా అని. మర్నాటి నుంచి కవర్లు అదే చోట నేల మీద పడ్డాయి. చెత్త వేయకుండా అక్కడ ముగ్గు వేయించారు. రెండు రోజులు ముగ్గు పక్కన వేశారు, మూడో రోజు ముగ్గు మీదే. దాచడమెందుకు, ఆటో తప్పిపోయిన రోజు మేమూ వేశాం.

తిరిగొచ్చిన వారానికి రోడ్డు పక్కన మక్కకంకి తిన్నాను. బండి పక్కనే బెండ్ల కుప్ప ఉంది. అయినా నా చెయ్యి సంచిలోకే పోయింది.

రాత్రి మా ఆవిడ సంచి దులుపుతూ, “దీన్నెందుకు మోసుకొచ్చారండీ?” అంది.

“రేపు ఆటో వస్తుందా?” అన్నాను.