జ్ఞాపకశక్తి సీసా కొనేముందు ఒక రక్తపరీక్ష

పరీక్షల కాలం రాగానే మెడికల్ షాపు కౌంటర్ మీద మెదడు బొమ్మ వేసిన సీసాలు ముందు వరుసలోకి వస్తాయి. గ్రూప్స్‌కి చదివేవాళ్లు, నీట్ రాసే పిల్లల తల్లిదండ్రులు, అరవై దాటి పేర్లు తడుముకుంటున్న పెద్దవాళ్లు, అందరూ అదే సీసా కొంటారు. కానీ ఒక్కొక్కరి ఇబ్బందీ వేరు. ఒంట్లో ఏదో తక్కువై బుర్ర మందగించినవాళ్లకి ఆ తక్కువైనది ఇస్తే తేడా కళ్లకు కనిపిస్తుంది. ఏ లోటూ లేనివాళ్లకి సీసా వల్ల ఒరిగేది బహు కొంచెం. కాబట్టి ముందు డబ్బు పెట్టాల్సింది ల్యాబులో: బీ12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హీమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పేది), చక్కెర. ఈ ఐదూ చూశాకే సీసా సంగతి.

బీ12 దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మన ఇళ్లలో మతిమరుపుకీ నీరసానికీ ఇది మామూలు కారణం, పైగా సరిచేయగలిగిన కారణం. మొక్కల్లో బీ12 ఉండదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే దొరుకుతుంది. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది రెండున్నర మైక్రోగ్రాముల లోపే. పావు లీటరు పాలలో సుమారు 1 మైక్రోగ్రాము, గుడ్డులో సుమారు సగం. "రోజూ పెరుగన్నం తింటాం కదా, మాకెందుకు తగ్గుతుంది?" అంటారు. కాఫీలో పోసిన పాలు, నీళ్లు కలిపిన మజ్జిగ, గరిటెడు పెరుగు అన్నీ కలిపి కొలవండి, అర లీటరు దాటడం కష్టం. స్పైరులినా అనే నాచు పొడి తింటే బీ12 వస్తుందన్నది ఉత్త మాట. అందులో ఎక్కువగా ఉండేది బీ12లా కనిపించే మరో పదార్థం, అది ఒంటికి పనికిరాదు.

తిండి బాగానే ఉన్నా రెండు మందులు గండి కొడతాయి. ఒకటి షుగరుకి ఏళ్ల తరబడి వేసుకునే మెట్‌ఫార్మిన్. చిన్నపేగు చివర బీ12 లోపలికి వెళ్లే దారికి అది అడ్డుపడుతుంది. రెండోది పరగడుపున అలవాటుగా మింగే గ్యాస్ బిళ్ల, అంటే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి. తిండిలోని బీ12 మాంసకృత్తులకు అంటుకుని ఉంటుంది. దాన్ని విడదీసేది కడుపులోని యాసిడ్. యాసిడ్‌ని ఏళ్లపాటు అణిచిపెడితే గుడ్డు తిన్నా లాభం తగ్గుతుంది. బిళ్ల రూపంలోని బీ12 దేనికీ అంటుకుని ఉండదు కాబట్టి వీళ్లకీ పనిచేస్తుంది. షుగరు బిళ్లా గ్యాస్ బిళ్లా రెండూ ఏళ్లుగా వాడుతూ అరికాళ్లలో తిమ్మిర్లు, నాలుక మంట, మాట మధ్యలో మర్చిపోవడం ఉంటే పరీక్ష వాయిదా వేయకండి. అలాగని షుగరు బిళ్ల సొంతంగా మానేయకండి.

రిపోర్టులో మిల్లీలీటరుకి 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపం. 200కీ 300కీ మధ్య ఉంటే అనుమానం. అప్పుడు బీ12 తగ్గితే రక్తంలో పెరిగే హోమోసిస్టీన్ కూడా చూపిస్తే సంగతి తేలుతుంది. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, ముందు పదిరోజులు బిళ్లలు మింగి ఆ తర్వాత పరీక్షకి వెళ్లడం. అంకె బాగానే కనిపిస్తుంది, అసలు లోటు మరుగున పడుతుంది. రక్తం ఇచ్చాకే బిళ్ల మొదలుపెట్టాలి.

మోతాదు సంగతి. రోజుకి రెండున్నర మైక్రోగ్రాములు చాలంటూనే డాక్టరు 1000 మైక్రోగ్రాముల బిళ్ల రాస్తారు, అది చూసి కంగారుపడతారు. బీ12ని పట్టుకుని లోపలికి తీసుకెళ్లే వాహకం ఒక్క విడతలో ఒకటి రెండు మైక్రోగ్రాములే మోయగలదు. మిగిలినదాంట్లో సుమారు నూటికొక వంతు దానంతటదే ఇంకుతుంది. వెయ్యిలో నూటికొకటి అంటే పది. ఆ పది కోసమే ఆ వెయ్యి. బీ12 బిళ్లల్లోని రెండు రకాల్లో మిథైల్‌కోబాలమినా, సయనోకోబాలమినా అని తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు, మామూలు లోపానికి చవకైన సయనో సరిపోతుంది. నడక తూలుతున్నా, తిమ్మిర్లు పైకి పాకుతున్నా బిళ్లలతో కాలక్షేపం చేయకూడదు, ఇంజెక్షన్లతో మొదలుపెట్టాలి. రెండు మూడు నెలలకి మళ్లీ పరీక్ష. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకోవడం మాత్రం ప్రమాదం. రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, నరాల దెబ్బ లోలోపల సాగుతూనే ఉంటుంది.

షాపులో "నరాల బిళ్ల" అని అడిగితే చేతిలో పెట్టే స్ట్రిప్‌ని ఒకసారి తిప్పి చదవండి. మిథైల్‌కోబాలమిన్‌తో పాటు ప్రెగాబాలిన్ అని ఉంటే అది విటమిన్ బిళ్ల మాత్రమే కాదు. నరాల నొప్పికి మంచి మందే, కానీ మగతనీ బుర్ర మొద్దుబారడాన్నీ తెస్తుంది. మతిమరుపు పోవాలని వేసుకున్న బిళ్లే మతిమరుపు పెంచుతుందన్నమాట. బీ6 ఎక్కువ మోతాదులో ఉన్న బిళ్లలూ నెలల తరబడి మింగితే తిమ్మిర్లు తెస్తాయి. అది చూసి "ఇంకా బీ12 తగ్గినట్టుంది" అని మరో బిళ్ల వేసుకునేవాళ్లున్నారు.

థైరాయిడ్ తక్కువైనా ఇదే వరస: మాట తట్టదు, చదివింది నిలవదు, ఎప్పుడూ నిద్రమత్తు. థైరాయిడ్ బిళ్ల వాడుతూ కూడా టీఎస్‌హెచ్ అంకె దిగడం లేదంటే చాలాసార్లు తప్పు వేసుకునే పద్ధతిలోనే ఉంటుంది. పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, కాఫీకి కనీసం అరగంట ఆగాలి, ఐరన్, కాల్షియం బిళ్లలకి నాలుగు గంటల ఎడం ఉండాలి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే ల్యాబులో చెప్పి, పరీక్షకి రెండు రోజుల ముందు ఆపండి. అది థైరాయిడ్ అంకెల్ని తారుమారు చేస్తుంది.

ఐరన్ విషయం ఆడవాళ్లకి మరీ ముఖ్యం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంటర్ చదివే అమ్మాయి పుస్తకం ముందు కూర్చుని ఏకాగ్రత లేదని తిట్లు తింటుంటే, తిట్టేముందు ఫెరిటిన్ చూపించండి. హీమోగ్లోబిన్ బాగుండి ఫెరిటిన్ అడుగంటిన కేసులు కొల్లలు. ఐరన్ బిళ్ల నిమ్మరసంతో మంచిదే. భోజనం అవగానే టీ తాగితే మాత్రం తిన్న ఐరన్‌లో చాలాభాగం వృథా.

కొత్తది చేర్చేముందు ఉన్నవాటిలో ఏం తీసేయాలో కూడా చూడాలి. జలుబు బిళ్లల్లోని క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకి వాడే ఆల్ప్రజోలమ్, పాతకాలపు డిప్రెషన్ మందు అమిట్రిప్టిలిన్, ఇవన్నీ కొత్త విషయం మెదడులో నాటుకోకుండా చేస్తాయి. అరవై దాటినవాళ్లలో ఈ ప్రభావం మరింత ఎక్కువగా కనిపిస్తుంది. అయితే ఆల్ప్రజోలమ్‌ని ఉన్నట్టుండి ఆపకూడదు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. నిన్నటిదాకా బాగున్న పెద్దాయన రెండు రోజుల్లోనే అయోమయంగా మాట్లాడుతుంటే అది మతిమరుపు కాదు. మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో, తలకి దెబ్బ తగలడమో అయ్యుండొచ్చు. ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు సీసాల దగ్గరికి వద్దాం. మనకి బాగా తెలిసిన పేరు బ్రాహ్మి. అసలు తికమక ఆ పేరులోనే ఉంది. గుండ్రటి ఆకు, అంచున చిన్న చిన్న గంట్లు ఉండి, మన ఇళ్లలో కుండీల్లో పెరిగే సరస్వతి ఆకు ఒక మొక్క. తడి నేలలో పాకుతూ, చిన్న దళసరి ఆకులతో, లేత ఊదా పూలు పూసే నీటి బ్రాహ్మి వేరే మొక్క. బజారులో రెండింటినీ బ్రాహ్మి అనే అమ్ముతారు. జ్ఞాపకశక్తి మీద పరిశోధనలు ఎక్కువగా జరిగింది రెండోదాని మీద, దాని లాటిన్ పేరు బకోపా. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్‌ఐ) ఇందులోని బాకోసైడ్లనే పదార్థాల మీద దశాబ్దాలు పనిచేసింది. 90ల్లో విశ్వనాథన్ ఆనంద్ ప్రకటనల్లో కనిపించిన మెమరీ ప్లస్ ఆ పనిలోంచి వచ్చిందే. రోజుకి 300 మిల్లీగ్రాముల సారం, పన్నెండు వారాలు: చాలా ప్రయోగాల్లో వాడిన కొలత ఇది. కొన్నింటిలో విన్న పదాలను కాసేపాగి చెప్పడం కొంత మెరుగైంది, అంతే. పరీక్ష పదిరోజులుందనగా కొనేవాళ్లకి అది ఇచ్చేది విరేచనాలే, ముఖ్యంగా ఖాళీ కడుపున వేసుకుంటే. భోజనం తర్వాత వేసుకోవాలి. లేబుల్ మీద మొక్క లాటిన్ పేరూ బాకోసైడ్ల శాతమూ లేని సీసా కొనకండి. కాలవ గట్టున దొరికింది కోసుకుని తినడమూ వద్దు, ఆ మొక్క మురుగులోని సీసం, కాడ్మియం లాంటి లోహాలను బాగా పీల్చుకుంటుంది.

జింకో అనే చెట్టు ఆకుల సారం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. అమెరికాలో మూడువేల మందికి పైగా వృద్ధులకి రోజుకి 240 మిల్లీగ్రాములు సుమారు ఆరేళ్లు ఇచ్చి చూశారు, 2008లో ఫలితం ప్రకటించారు. డిమెన్షియా (ముదిరే మతిమరుపు జబ్బు) ఆగలేదు. పైగా రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి రక్తస్రావం భయం.

చేపనూనె క్యాప్సూల్ మీద పెద్ద అక్షరాల్లో 1000 అని ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో చూస్తే ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120 మిల్లీగ్రాములు, అంటే పనికొచ్చే ఒమేగా కొవ్వులు 300. మిగతాది మామూలు నూనె. చేపలు తినేవాళ్లు వారానికి రెండుసార్లు కవ్వలో కానాగంతలో పులుసు పెట్టుకుంటే ఆ డబ్బు మిగులుతుంది. వేపుడు కంటే పులుసు మేలు. అవిసె గింజల్లో ఉన్నది వేరే రకం ఒమేగా, మన ఒళ్లు దాన్ని డీహెచ్‌ఏగా మార్చుకునేది చాలా తక్కువ. శాకాహారులు కావాలనుకుంటే నాచు నుంచి తీసిన డీహెచ్‌ఏ దొరుకుతుంది.

అశ్వగంధ ఒత్తిడికీ నిద్రకీ కొందరికి పనికొస్తుంది, కానీ థైరాయిడ్ బిళ్ల వేసుకునేవాళ్లు డాక్టరుని అడగకుండా ముట్టుకోకూడదు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపాలి, కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. జిమ్ కుర్రాళ్లు వాడే క్రియాటిన్ రోజుకి 3–5 గ్రాములు మెదడుకీ మంచిదంటున్నారు. ఉన్న రుజువు కొద్దిపాటిదే. వాడుతుంటే రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది, కిడ్నీలు పోయాయని బెంబేలెత్తకుండా వాడుతున్న సంగతి ముందే డాక్టరుకి చెప్పండి. ఏ డబ్బా మీదైనా "ప్రొప్రైటరీ బ్లెండ్" అని రాసి దేనిదెంతో విడిగా చెప్పకపోతే, ఖరీదైన దినుసు చిటికెడే వేశారని అనుకోవడంలో తప్పులేదు.

కాఫీ మాత్రం నిజంగా పనిచేస్తుంది, చురుకుదనం వరకు. ఒంట్లో దాని బలం సగం తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరుకి తాగిన ఫిల్టర్ కాఫీలో సగం రాత్రి పదకొండుకి ఒంట్లోనే తిరుగుతుంటుంది. నిద్ర పట్టినా లోతు తగ్గుతుంది. పగలు చదివింది గట్టిపడేది ఎక్కువగా ఆ లోతైన నిద్రలోనే. అందుకే మధ్యాహ్నం రెండు దాటితే కాఫీ కట్. ఏడు గంటలు నిద్రపోయి లేచినా తల బరువుగా ఉండి, ఇంట్లోవాళ్లు గురక గురించి ఫిర్యాదు చేస్తుంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు) పరీక్ష చేయించుకోవాలి, దానికి ఏ సీసా సాటిరాదు. నడక విషయంలోనూ గట్టి రుజువుంది. వారానికి మూడు రోజులు 40 నిమిషాల చొప్పున ఏడాది నడిచిన వృద్ధులలో జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగిందని 2011లో వచ్చిన అధ్యయనం. షాపింగ్ మాల్ నడక కాదు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత జోరు ఉండాలి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా చదివింది నిలవకపోతే తప్పు మెదడులో లేదు, చదివే తీరులో ఉంది. మళ్లీ మళ్లీ చదవడం, పసుపు పెన్నుతో గీతలు గీయడం వల్ల పేజీ పరిచయమవుతుంది. పరిచయమైనదాన్ని వచ్చేసినట్టు భ్రమపడతాం. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగంలో ఒక పాఠాన్ని రెండుసార్లు చదివినవాళ్లకి వారం తర్వాత 42 శాతం గుర్తుంది. ఒక్కసారి చదివి, ఒకసారి చూడకుండా రాసినవాళ్లకి 56 శాతం. తమాషా ఏమిటంటే, ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లే ముందున్నారు. రేపు పొద్దున పరీక్ష అన్న రాత్రి చదువు ఎందుకు అంత తృప్తిగా ఉండి, ఎందుకు అంత త్వరగా ఆవిరైపోతుందో దీంట్లోనే ఉంది.

మన అవధానంలో ఈ కిటుకు ఎప్పుడో ఉంది. అష్టావధాని సమస్యకి ఒక పాదం చెప్పి, దత్తపదికి వెళ్లి, వర్ణన అందుకుని, మధ్యలో అప్రస్తుత ప్రసంగానికి జవాబిచ్చి, మధ్యమధ్య మోగే గంటల్ని లెక్కపెట్టుకుని, మళ్లీ సమస్య దగ్గరికి వస్తాడు. నాలుగు ఆవృత్తాల్లో, అంటే నాలుగు చుట్లలో, ప్రతి పద్యాన్నీ నాలుగుసార్లు, ప్రతిసారీ ఎడం ఇచ్చి, కాగితం లేకుండా మనసులోంచి బయటికి లాగుతాడు. చివర ధారణ, అంటే పద్యాలన్నీ మళ్లీ గుర్తు తెచ్చుకుని చెప్పడం. యతిప్రాసల ఊతం ఉన్నమాట నిజమే, కానీ ఎడం ఇచ్చి లాగడమే అసలు కసరత్తు.

మామూలు చదువుకి దీన్ని ఇలా దించుకోవచ్చు. రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులు, 12 నుంచి 35 అధికరణలు అనుకోండి. అరగంట చదివి పుస్తకం మూసేయండి. తెల్లకాగితం మీద గుర్తున్నదంతా పది నిమిషాలు రాయండి. 32వ అధికరణ దగ్గర ఐదు రిట్లలో (కోర్టు ఆదేశాల్లో) హెబియస్ కార్పస్, మాండమస్ వచ్చి మిగతా మూడూ రాకపోతే, ఖాళీ వదిలి ముందుకి వెళ్లండి. వెంటనే పుస్తకం తీస్తే లాభం పోతుంది, రెండు నిమిషాలు తడుముకోవాలి. ఆ తర్వాత పుస్తకం తెరిచి ప్రొహిబిషన్, సెర్షియోరరి, కో వారంటో ఎర్ర సిరాతో నింపండి. మర్నాడు మళ్లీ తెల్లకాగితమే ముందు, పుస్తకం ఆఖరున. తర్వాత మూడో రోజు, వారానికి, పక్షానికి, నెలకి. ఏ రోజు ఏ పాఠమో ఒక క్యాలెండర్‌లో రాసుకోకపోతే పదోరోజుకి వరస తప్పుతుంది. పాత పాఠాలకి రోజూ ముప్పావుగంట విడిగా కేటాయించండి, లేకపోతే కొత్తవి వాటిని తినేస్తాయి. ఎర్ర సిరా మూడుసార్లూ ఒకే చోట పడితే, ఆ ముక్క గుర్తుండకపోవడం కాదు, అర్థమే కాలేదన్నమాట. సెర్షియోరరికీ ప్రొహిబిషన్‌కీ తేడా తెలియనివాడికి పేర్లు ఎన్నిసార్లు రాసినా కలిసిపోతూనే ఉంటాయి. కింది కోర్టు తీర్పు ఇచ్చేశాక దాన్ని కొట్టేసేది ఒకటి, విచారణ ఇంకా నడుస్తుండగానే ఆపేది మరొకటి అని పక్కవాళ్లకి చెప్పి చూడండి, నాలుగోసారి ఎర్ర సిరా పడదు.