జమ్మి చెట్టు ఒంటరిగా గడిపిన ఏడాది

ఈ దసరాకు హన్మకొండ ఇంట్లో నేనొక్కడినే. కొడుకుకు సెలవు దొరకలేదు, బిడ్డ అత్తగారింట్లో ఉంది. ఇంటామె పోయి మూడేండ్లయింది. పొద్దున దీపం పెట్టి "శమీ శమయతే పాపం" అని చదువుతుంటే "అర్జునస్య ధనుర్ధారీ" దగ్గర గొంతు ఆగింది.

ఈ శ్లోకాన్ని కాగితం మీద రాసి ఎన్నిసార్లు చెట్టుకు కట్టి వచ్చానో! విల్లు ఎవరిదన్నదే చూశాను గానీ, దాన్ని మోసింది ఎవరన్నది ఎన్నడూ ఆలోచించలేదు. విరాటుని ఊరి బయట, శ్మశానం పక్కన ఉన్న చెట్టు అది. పాండవులు ఏడాది అజ్ఞాతవాసానికి పోయే ముందు నకులుడు ఎక్కి ఆయుధాలు కట్టాడు. ఎవరూ దగ్గరికి రావద్దని పక్కనే ఒక శవాన్ని కట్టారు. పశువుల కాపరులకు "మా తల్లి, ఇది మా కులాచారం" అని చెప్పి ఊళ్లోకి పోయారు. ఇక ఆ చెట్టు నీడకు ఎవరొస్తారు? ఏ పండుగకు ఎవరు బొట్టు పెడతారు? గాండీవం తన కొమ్మల్లో ఉందని ఎవరికీ చెప్పుకోలేదు. ఉత్తరుడు వచ్చి ఎక్కేదాకా అట్లనే నిలబడింది. ఇవాళ మనం ప్రదక్షిణ చేసేది ఆ చెట్టుకే. "శమ" అంటే శాంతించడం. ఆ శాంతి దానికి మంది నడుమ రాలేదు.

ఒక్కడి కోసం ఇదంతా ఎందుకులే అని నిరుడు నేను ఇడ్లీ పార్సిల్ తెచ్చుకుని టీవీ ముందు కూర్చున్నాను. అది తప్పు. మీరట్ల చేయకండి. తలస్నానం చేయండి, గుమ్మానికి మామిడాకులు, బంతిపూలు కట్టండి, పిడికెడు బియ్యంతోనైనా పరమాన్నం వండండి. నైవేద్యం పెట్టేటప్పుడు అమ్మవారు ఇంట్లో తలలు లెక్కపెట్టదు.

సాయంత్రం జమ్మికి పోతే అక్కడ తోపులాట. కొమ్మలకు కొమ్మలే విరుస్తున్నారు! బంగారమని పంచుకునేది నాలుగు జమ్మి ఆకులయ్యా, చెట్టు మొత్తం కాదు. ఒక పిల్లగాడైతే గద్దె మీదికి చెప్పులతోనే ఎక్కాడు. కోపమొచ్చింది, అరిచాను కూడా. పండుగ పూట అరవకుండా ఉండాల్సింది.

ఇంటికొచ్చి మొదటి ఆకు ఆమె ఫోటో దగ్గర పెట్టాను. కింది వాటాలో కిరాయికుండే పిల్లవాడు మెట్ల దగ్గర ఎదురైతే వాని చేతిలో పెట్టాను. కాళ్లు మొక్కాలో, చేయి కలపాలో తెలియక నిలబడ్డాడు. నేనే అలాయ్ బలాయ్ చేసుకున్నాను. మిగిలిన ఆకులు కాగితంలో చుట్టి, మీద కొడుకు పేరు, బిడ్డ పేరు రాసి బీరువాలో పెట్టాను. సంక్రాంతికి వస్తామన్నారు.