పాడి శిక్షణలో మొదటి పాఠం: లెక్క

పాడి రైతులకు శిక్షణ అనగానే జాతుల పేర్లు, షెడ్డు కొలతలతో మొదలుపెడతారు. దాణా లెక్కతో మొదలుపెడితే మేలు. గేదె ఒంటి పోషణకు రోజుకు కిలోన్నర, ఆపైన ప్రతి 2 లీటర్ల పాలకు 1 కిలో. అంటే 8 లీటర్లిచ్చే గేదెకు ఐదున్నర కిలోలు. కిలో 30 రూపాయలనుకుంటే 165. లీటరుకు 20 దాటింది. పచ్చిమేత, ఎండుగడ్డి, ఇంటివాళ్ల కష్టం ఇంకా కలపనేలేదు. వట్టిపోయిన రోజుల మేత ఖర్చునూ ఈ పాలే మోయాలి. చాలామంది రాయని పద్దు ఇదే.

అందుకే ఎద (గేదె చూలు కట్టడానికి సిద్ధమైన సమయం) గుర్తించడం కూడా వ్యాపార పాఠమే. గేదెల్లో మూగ ఎద, అంటే లక్షణాలు పైకి అంతగా కనిపించని ఎద, ఎక్కువ, వేసవిలో మరీను. మానం నుంచి జారే జిగట తీగలు, మాటిమాటికీ మూత్రం, పాలు తగ్గడం తెల్లవారుజామున, రాత్రి గమనించాలి. ఉదయం కనిపిస్తే సాయంత్రం, సాయంత్రమైతే మర్నాడు ఉదయం చూలు కట్టించే సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలి. తప్పితే మరో 21 రోజులు ఆగాల్సిందే, వట్టి రోజుల ఖర్చు అంత పెరిగినట్టే.

పొదుగువాపు పైకి కనిపించకముందే పాలు తగ్గిస్తుంది. నాలుగు గిన్నెల ట్రేలో ఒక్కో చన్ను నుంచి 2 మి.లీ. పాలు, అంతే సీఎంటీ (పొదుగువాపు పరీక్ష) ద్రావణం పోసి తిప్పాలి. జిగటగా చిక్కబడితే ఆ చన్నును అనుమానించాలి. పితికాక అయోడిన్ ద్రావణంలో చన్నులు ముంచి, వెంటనే మేత వెయ్యాలి. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంటైనా పడుతుంది. ఆలోగా పేడలో పడుకోకూడదు.

పాల సేకరణ కేంద్రంలో వెన్న శాతం తగ్గితే మిషన్ను తిట్టేముందు పితికే తీరు చూడండి. చివరి పాలలోనే వెన్న ఎక్కువ. అవి దూడకు వదిలేసి మొదటి పాలు క్యానులో పోస్తే రేటు తగ్గదా మరి? ఇక నమూనా తీసేముందు పాలు బాగా కలపమని మొహమాటం లేకుండా అడగాలి.