గండిపేట నుంచి నాగోలు దాకా, ఒక గాజు సీసా వెంట

మూసీ నీటిని పరీక్షించే పరిశోధక మిత్రుడి వెంట గండిపేట నుంచి నాగోలు దాకా వెళ్లాను. 1908 వరదల తర్వాత కట్టిన గండిపేట జలాశయం ఉస్మాన్‌సాగర్ దగ్గర అతడు 300 మిల్లీలీటర్ల గాజు సీసాను బుడగ చేరకుండా నీటితో నింపి, మాంగనీస్ సల్ఫేటు, ఆ వెంటనే క్షార అయొడైడు ద్రావణం కలిపి మూత బిగించాడు. నీటిలో ప్రాణవాయువు కరిగి ఉంటే అడుగున గోధుమరంగు మడ్డి దిగుతుందట. అక్కడ దట్టంగానే దిగింది.

బాపూఘాట్, పురానాపూల్ దగ్గర పని త్వరగానే ముగిసింది. చాదర్‌ఘాట్ వంతెన మీద మాత్రం చాలాసేపు ఆగాము. ఒడ్డున ముంచితే పక్కనే కలిసే మురుగుకాలువ నీరే చేతికొస్తుందని, అతడు వాహనాల రద్దీలోనే వంతెన నడుమ నిలబడి తాడుతో పరికరాన్ని దించాడు. ఈసారి సీసాలో దిగిన మడ్డి సున్నంలా తెల్లగా ఉంది. అంటే ఆ నీటిలో ప్రాణవాయువు జాడే లేదు. ఆ వంతెన దాటినప్పుడల్లా ముక్కు మూసుకునేలా చేసే కుళ్లు వాసన కూడా, ప్రాణవాయువు అడుగంటిన చోట సూక్ష్మజీవులు సల్ఫేట్ల నుంచి పుట్టించే హైడ్రోజన్ సల్ఫైడుదేనని అతడు చెబుతుంటే, నిండా నీరున్న నదికి ఊపిరి లేదన్న బాధ నన్ను చాలాసేపు వదలలేదు.

నాగోలు దగ్గర నీరు రాళ్ల మీదుగా దూకుతూ నురగ కక్కుతోంది. గాలి కలిసినందువల్ల కాబోలు, సీసాలో లేత గోధుమరంగు కనిపించింది. ఆ ఒక్క సీసాను చూపి నది కోలుకుందనడం అన్యాయం. స్నానానికి పనికొచ్చే నీటిలో కరిగిన ప్రాణవాయువు లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు, జీవరసాయన ఆక్సిజన్ గిరాకీ, అంటే నీటిలోని మలినాలను కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ప్రాణవాయువు, 3 మిల్లీగ్రాములు దాటరాదు. ఈ రెండో లెక్క తేలాలంటే నమూనాను మంచులో భద్రంగా ప్రయోగశాలకు చేర్చి, 27 డిగ్రీల వద్ద మూడు రోజులు ఉంచాలి.

వేళను బట్టి కూడా ఫలితం మారుతుంది. నాచు పెరిగిన నెమ్మదైన ప్రవాహంలో మధ్యాహ్నపు ఎండకు ప్రాణవాయువు పెరిగి, రాత్రంతా తరిగి, తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. అందుకే తరువాతి విడత నమూనాలను సూర్యోదయానికి ముందే తీయాలని మిత్రుడు నిర్ణయించాడు. నది ఆరోగ్యం గురించి ప్రకటించే ప్రతి అంకె పక్కనా నీరు తీసిన వేళను, చోటును తప్పనిసరిగా రాయాలని నేను గట్టిగా కోరుతున్నాను.