బాడుగ ఇల్లు చేతులు మారే వారం: నా అనుభవం

తిరుపతిలో బాడుగ ఇల్లు ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు. రుయా, స్విమ్స్ ఆసుపత్రులు, యూనివర్సిటీలు, దేవస్థానం ఉద్యోగాలు అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి కాబట్టి టు-లెట్ బోర్డు కట్టగానే ఫోన్లు మొదలవుతాయి. ఆ తొందరలో ఒకరు ఖాళీ చేసిన మర్నాడే ఇంకొకరిని దింపేస్తే, అప్పుడు చూడని లోపాలన్నీ తర్వాత పదకొండు నెలలు మన నెత్తిమీదే ఉంటాయి. నేను మధ్యలో కనీసం వారం రోజులు ఖాళీ పెట్టుకుంటాను. వారం బాడుగ పోయినా ఆ పని గిట్టుబాటే. కింద ఒక ఇల్లు, మిద్దె పైన ఒకటో రెండో పోర్షన్లు ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఆ వారంలో చేసేదంతా రాస్తున్నాను.

ఖాళీ చేసే రోజు మొదట వెళ్లాల్సింది కరెంటు మీటరు దగ్గరికి. బాడుగవాళ్లను పక్కన పెట్టుకునే రీడింగ్ ఫోటో తీసి, ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోవాలి. చివరి బిల్లులోని రీడింగ్ నుంచి ఈ రోజు దాకా కాలిన యూనిట్లకు అక్కడే లెక్క కట్టాలి. సర్వీసు మన పేరు మీద ఉంటుంది, బాకీ పడితే ఫీజు పీకేది మన సర్వీసుకే. ఇంధన సర్దుబాటు చార్జీలు కాల్చిన నెలలో కాకుండా తర్వాతి బిల్లుల్లో పడతాయి. పాత బిల్లుల్లో యూనిట్‌కు ఎంత పడిందో చూపించి ఆ కాస్తా అప్పుడే మాట్లాడుకుంటే తర్వాత ఫోన్ చేసి అడిగే పని ఉండదు.

రెండు పోర్షన్లకు ఒకే సర్వీసు పెట్టి సబ్‌మీటరుతో పంచుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దానివల్ల డబ్బు ఎలా పోతుందో చూడండి. 2022లో మారిన ఇంటి శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. ఒక్కో పోర్షన్ 120 యూనిట్లు కాల్చిందనుకుందాం. వేరు సర్వీసులైతే ఒక్కొక్కరికి 394.50, ఇద్దరికీ కలిపి 789 రూపాయలు. అవే 240 యూనిట్లు ఒకే మీటరు మీద పడితే 1,148 రూపాయలు దాటుతుంది. స్థిర చార్జీలు, సుంకాలు కలపకముందే నెలకు 359 రూపాయలు ఉత్తపుణ్యానికి పోతున్నాయి. పైగా యూనిట్‌కు ఎంత తీసుకోవాలన్న తగువు ప్రతి నెలా ఉంటుంది. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే వేరు సర్వీసుకు దరఖాస్తు పెట్టుకోవడం మేలు. మోటరు, మెట్ల లైటు మాత్రం ఎవరి మీటరు మీద ఉన్నాయో కొత్తవాళ్లకు ముందే చెప్పాలి.

తర్వాత నీళ్ల సంగతి. ఇల్లు ఖాళీ అయిన రోజు సాయంత్రం పైట్యాంకు నిండా పట్టి, కొళాయిలన్నీ కట్టేసి, నీటి మట్టం దగ్గర గీత పెట్టి, ట్యాంకు నుంచి వేరే పోర్షన్‌కు లైను ఉంటే దాని వాల్వు కూడా రాత్రికి మూసేస్తాను. పొద్దునకు మట్టం దిగితే లోపల ఎక్కడో కారుతున్నట్టే. ఎక్కువసార్లు దొంగ దొరికేది ఫ్లష్ ట్యాంకులోనే. అందులో కాస్త పసుపు కలిపి అరగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి. కింద బేసిన్‌లోకి పసుపు నీళ్లు వస్తే లోపలి వాషరు పోయినట్టు. చిన్న వాషరే, కానీ అది పాడైతే రాత్రంతా చప్పుడు లేకుండా నీళ్లు పోతూనే ఉంటాయి, ఎండాకాలంలో ట్యాంకరు డబ్బులు మన జేబులోంచి పోతాయి.

మిద్దె పైన బాత్రూం ఉంటే దానికి ఒక పూర్తి రోజు కేటాయించాల్సిందే. నహానీ ట్రాప్‌లో (గచ్చు మీది నీళ్లు బయటికి పోయే జాలీ గుంటలో) తడిగుడ్డ గట్టిగా కూరి, గచ్చు మీద అంగుళం ఎత్తు నీళ్లు నిలబెట్టి 24 గంటలు వదలాలి. కింది ఇంటి స్లాబులో చెమ్మ కనిపిస్తే టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ పోయిందనో, ట్రాప్ చుట్టూ పగులు వచ్చిందనో అర్థం. గ్రౌట్ అయితే పాతది గీకి తీసి కొత్తది నింపాలి, దాని మీదే పూసేస్తే నిలవదు. గుడ్డ తీశాక నీళ్లు సుడి తిరుగుతూ గబగబా పోవాలి. మెల్లగా పోతే లోపల వెంట్రుకలు ఇరుక్కున్నాయి. ఇల్లు మూసి ఉన్న రోజుల్లో ట్రాప్‌లోని నీళ్లు ఆరిపోతే డ్రైనేజీ వాసన, బొద్దింకలు లోపలికి వస్తాయి. ఇల్లు చూపించే ముందు ప్రతి ట్రాప్‌లో ఒక చెంబు నీళ్లు పోయండి, వచ్చినవాళ్లు ముక్కు మూసుకునే పని తప్పుతుంది.

బోరు నీళ్లు ఉప్పగా ఉన్న వీధుల్లో గీజరు లోపల సున్నపు పొర కడుతుంది. నీళ్లు ఆలస్యంగా వేడెక్కడం, లోపల గరగర చప్పుడు రావడం దాని గుర్తులు. మెకానిక్‌తో విప్పించి ఎలిమెంటు శుభ్రం చేయించి, ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే యానోడ్ కడ్డీ అరిగితే మార్పించాలి. గీజరుకు 16 ఆంపియర్ల పాయింటు, ఎర్తింగ్ తప్పనిసరి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే ముందు అది పెట్టించండి, రంగులు తర్వాత చూసుకోవచ్చు. తడి చేత్తో స్విచ్ వేసే పిల్లలుండే ఇంట్లో అది ప్రాణం కాపాడే వస్తువు. దాని మీది టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే మార్చాల్సిందే.

రంగుల గురించి ఒక్క మాట: చెమ్మ గోడకు పుట్టీ పెట్టి వెంటనే రంగు కొట్టించవద్దు. కారే చోటు ముందు ఆపి, గోడ ఆరాకే కొట్టాలి, లేకపోతే ఉప్పు పొంగి పెచ్చులు రాలుతాయి. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వానలు చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మిద్దె మీద వాన గొట్టాల మూతులు సెప్టెంబరులోనే శుభ్రం చేయించుకోవాలి.

బాడుగకు అడిగేవాళ్లను ఏం పని, ఇంట్లో ఎంతమంది, బండ్లెన్ని అని అడగాలి, ఆధార్ నకలు తీసుకోవాలి. కులం అడిగే అలవాటు ఇంకా మన వీధుల్లో ఉంది. అది తప్పు. నెల నెలా బాడుగ వస్తుందా అన్నదానికి, దానికి సంబంధమే లేదు. విదేశీయులు దిగితే 24 గంటల్లో వాళ్ల వివరాలు అధికారులకు తెలియజేయాలన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఒప్పందం పదకొండు నెలలకే రాయడం అలవాటు, ఎందుకంటే 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో మొదట ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి; కానీ ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణ తర్వాత ఏ గడువు లీజైనా రిజిస్టరు చేయించాలి. అమ్ముడుపోయే అచ్చు ఫారంలో మన ఊరికి కావలసినవి ఉండవు, చేత్తో చేర్చాలి. ముఖ్యంగా, కొండకొచ్చే యాత్రికులకు దినబాడుగకు ఇవ్వకూడదు, ఇంట్లో వ్యాపారం చేయకూడదు అని రాయించండి. ఇంటి సర్వీసు మీద వ్యాపారం నడుస్తుంటే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు ధరకు లెక్క కడతారు, సర్వీసు మన పేరున ఉంటే నోటీసూ మన పేరుకే వస్తుంది. ఖాళీ చేయడానికి ఇరువైపులా నెల రోజుల గడువు, ఏడాదికి బాడుగ ఎంత పెరుగుతుంది, ఏ రిపేరు ఎవరిది అన్నవి కూడా రాయాలి. గడువు రాసుకోకపోతే నెలవారీ బాడుగకు ఆస్తి బదిలీ చట్టం ఇచ్చేది 15 రోజుల నోటీసు. ఫ్యాన్లెన్ని, తాళం చెవులెన్ని, ఏ టైలు పగిలి ఉంది అన్న జాబితా మీద ఇద్దరూ సంతకం చేసి ఒప్పందానికి జత చేయాలి.

అడ్వాన్సు బ్యాంకు ద్వారానే తీసుకుంటాను. చివరి రెండు నెలల బాడుగ అందులో తీసేసుకోండి అంటే ఒప్పుకోను, ఎందుకంటే అప్పుడు కరెంటు బాకీకీ పగిలినవాటికీ మిగిలేదేమీ ఉండదు. అలాగే తాళాలు చేతికొచ్చిన రోజే లెక్క కాగితం రాసిచ్చి మిగతాది తిరిగి ఇచ్చేయాలి. ఆ డబ్బుతోనే వాళ్లు ఇంకో ఇంటికి అడ్వాన్సు కట్టాలి. సున్నం వెలిసిపోవడం, కొళాయి వాషరు అరగడం వాడకంలో జరిగేవే, వాటికి కోత పెట్టడం న్యాయం కాదు.

బాడుగ ఆగితే కరెంటో నీళ్లో ఆపే ఆలోచన పెట్టుకోవద్దు, చట్టం ముందు మనమే దోషులమవుతాం. నోటీసు రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఉద్యోగులు బాడుగ రసీదులు అడుగుతారు. నగదు 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి, ఏడాదికి లక్ష దాటితే మన పాన్ నంబరు ఇవ్వాలి. ఇవ్వడానికి జంకాల్సిన పని లేదు: వచ్చిన బాడుగలో మనం కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలిన దాంట్లో 30 శాతం రిపేర్ల కింద బిల్లులు చూపకుండానే మినహాయిస్తారు. ఇంటి పన్ను ఆ ఏడాదిలోనే, మన చేతుల మీదుగానే కట్టి ఉండాలి. బాడుగవాళ్లు కడితే ఆ మినహాయింపు రాదు.