పాత కారుకి పెట్రోల్ లైన్ మళ్లీ కలిపేటప్పుడు

ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. పాత రబ్బరు హోస్ పైకి బాగానే కనిపించినా మళ్లీ వాడొద్దు. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి లోపలి పొర మెత్తబడి, ఊడిన ముక్కలు కార్బురేటర్ జెట్లలో (పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రాల్లో) ఇరుక్కుంటాయి. ఎస్‌ఏఈ జె30 ఆర్9 (SAE J30 R9, ఇథనాల్ పెట్రోల్‌ని తట్టుకునే హోస్ ప్రమాణం) అని అచ్చున్నదే కొనండి. 8 మి.మీ. పైపుకి అంతే లోపలి వ్యాసం ఉన్న హోస్, పైపు చివరి ఉబ్బు దాటి ఓ 25 మి.మీ. ఎక్కాలి. క్లిప్పు ఆ ఉబ్బు వెనకాల పడాలి, దాని మీద కాదు. గాట్లున్న మామూలు క్లిప్పు రబ్బర్ని కోసేస్తుంది. అంచులు మడిచిన రకం మేలు.

ట్యాంకుకీ మెకానికల్ పంపుకీ మధ్య జాయింట్ మహా మోసగత్తె: అక్కడ పంపు పెట్రోల్‌ని లాగుతుంది కాబట్టి చుక్క కారదు, గాలి మాత్రం పీల్చేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ దగ్గితే, పంపుని తిట్టకముందు అక్కడి క్లిప్పులు చూడండి.